తెర మీద చిలకాకుపచ్చ... కార్డు మీద పాచిరంగు!

డీటీపీ సెంటర్లో కంప్యూటర్ మీద చూసినప్పుడు శుభలేఖ కొత్త పట్టుచీరలా మెరిసిపోయింది. పదిరోజుల తరవాత వెయ్యి కార్డుల కట్ట విప్పితే... ఉతికి ఉతికి వెలిసిపోయిన చీరలా ఉంది. ఇంతకీ ఆ రంగులన్నీ ఎటుపోయినట్టు?

పెళ్లి ముహూర్తాల రోజుల్లో ఏ ఊళ్లో ఏ ప్రింటింగ్ ప్రెస్సు ముందు కాసేపు నిలబడినా ఈ పంచాయతీ ఒకటి చెవిన పడుతుంది. ''ఇదేంటి బాబూ, ఆ రోజు మేం చూసిన పచ్చ ఇది కాదే!'' అంటాడు పెళ్లిపెద్ద. ''ఫైల్లో ఏముందో అదే వచ్చిందండీ'' అంటాడు ప్రెస్సాయన. ''నా సిస్టంలో బాగానే ఉంది సార్, కావాలంటే మీరే చూడండి'' అంటాడు డిజైన్ చేసిన కుర్రాడు. తమాషా ఏంటంటే, ముగ్గురూ నిజమే చెబుతున్నారు. అందుకే ఆ గొడవ ఓ పట్టాన తేలదు. ముహూర్తం ముంచుకొస్తుంటే మళ్లీ అచ్చు వేయించే తీరికెక్కడిది? బిల్లులో కొంత కోసి, ఆ కార్డులే పంచేస్తారు. ఆ కోత ప్రెస్సాయన భరించకపోతే తిరిగి తిరిగి ఆ కుర్రాడి జీతం మీదే పడుతుంది. అతను చేసిన నేరమల్లా రంగులు మార్చాల్సినచోట మార్చకపోవడం, లేదా మారిస్తే ఏమవుతుందో ముందే చెప్పకపోవడం.

కూడికా? తీసివేతా?

కంప్యూటర్ తెర మీద కనిపించేది వెలుగు. నల్లటి తెర మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం- మూడు బుల్లి దీపాలు ఉన్నాయనుకోండి. మూడూ పూర్తిగా వెలిగితే తెలుపు. మూడూ ఆరిపోతే నలుపు. ఒక్కో దీపం వెలుగునీ 0 నుంచి 255 వరకూ 256 మెట్లలో పెంచొచ్చు, తగ్గించొచ్చు. ఆ లెక్కన కోటీ 67 లక్షల పైచిలుకు రంగులు వస్తాయి. డిజైనర్లు ఆర్జీబీ అనేది దీన్నే. టీవీ, సెల్‌ఫోను, కెమెరా... అన్నీ ఈ బాపతే.

కాగితం సంగతి అలా కాదు. దానికి సొంత వెలుగు లేదు. కిటికీలోంచి వచ్చే ఎండో, ట్యూబులైటు కాంతో దాని మీద పడి, తిరిగి మన కంట్లోకి రావాలి. ఆ దారిలో ఇంకు అడ్డంగా కూర్చుని కొంత వెలుగును మింగేస్తుంది. సయాన్ అనే ఆకాశనీలం ఇంకు ఎరుపును మింగుతుంది. మెజెంటా అనే ముదురు గులాబీ ఇంకు ఆకుపచ్చను మింగుతుంది. పసుపు ఇంకు నీలాన్ని మింగుతుంది. మింగగా మిగిలిందే మనకు రంగుగా కనిపిస్తుంది. తెర మీద జరిగేది కూడిక అయితే కాగితం మీద జరిగేది తీసివేత. ఎంత ఇంకు పోస్తే అంత చీకటి. అందుకే కాగితం మీద ఎన్ని తంటాలు పడినా తెర మీది మెరుపు రాదు.

ఈ సంగతి కంప్యూటర్లు వచ్చాక తెలిసింది కాదు. జేకబ్ క్రిస్టాఫ్ లె బ్లాన్ అనే చిత్రకారుడు 1667లో ఫ్రాంక్‌ఫర్టులో పుట్టాడు. ఎరుపు, పసుపు, నీలం రంగులకు మూడు రేకులు చెక్కి, ఒకదాని మీద ఒకటి అచ్చువేసి, అన్ని రంగులూ రాబట్టే పద్ధతిని కనిపెట్టి, 1719లో ఇంగ్లండు రాజు దగ్గర దానికి హక్కులు సంపాదించాడు. ముట్టుకోగలిగే రంగులన్నీ కలిస్తే నలుపవుతుందనీ, ముట్టుకోలేని వెలుగు రంగులన్నీ కలిస్తే తెలుపవుతుందనీ 1725 ప్రాంతంలో 'కలరిట్టో' అనే చిన్న పుస్తకంలో వివరించాడు కూడా. ఇంత తెలిసినవాడు పెట్టిన బొమ్మల కంపెనీ మాత్రం దివాలా తీసింది. కలర్ ప్రింటింగులో చేతులు కాల్చుకోవడం అప్పటి నుంచే ఉందన్నమాట!

పేపరు అంచున నాలుగు చుక్కలు

లె బ్లాన్ మూడు రంగులతో మొదలుపెట్టినా తరవాత నలుపును కూడా చేర్చుకోక తప్పలేదు. లెక్క ప్రకారమైతే సయాన్, మెజెంటా, పసుపు మూడూ కలిస్తే నలుపు రావాలి. కానీ ఏ ఇంకూ నూటికి నూరుపాళ్లు స్వచ్ఛంగా ఉండదు. కలిపితే వచ్చేది బురదలాంటి గోధుమరంగు. అందుకే నాలుగోదిగా నలుపు. ఈ నాలుగింటినీ కలిపి సీఎంవైకే అంటారు. ఇందులో 'కె' అంటే 'కీ' ప్లేటు. మిగతా మూడు రంగుల్నీ ఏ ప్లేటుకు సరిచూసి కూర్చోబెడతారో అది. సాధారణంగా అది నలుపే.

ఆ నాలుగింటినీ చూడాలంటే ప్రెస్సుకు వెళ్లక్కర్లేదు. ఇంటికొచ్చే దినపత్రికలో ఏదైనా కలర్ పేజీ అంచుల్ని పరిశీలనగా చూడండి. చాలా పత్రికల్లో ఓ మూల నాలుగు చిన్న చుక్కలో గడులో వరసగా కనిపిస్తాయి... నీలం, గులాబీ, పసుపు, నలుపు. ప్లేట్లు సరిగ్గా కూర్చున్నాయా లేదా, ఇంకు ఎంత పడుతోంది అని మెషీను దగ్గర ఉన్నవాళ్లు చూసుకునే గుర్తులవి. ఇప్పుడు అదే పేజీలో సినిమాతార బుగ్గ మీద భూతద్దం పెట్టండి. చర్మం రంగు ఇంకు అంటూ ఏదీ ఉండదు. పసుపు, గులాబీ చుక్కలు దట్టంగా, నీలం చుక్కలు పలచగా... అంతే! నాలుగు చుక్కల వరసల్నీ తలో కోణంలో తిప్పి వేస్తారు కాబట్టి అవి చిన్న చిన్న పువ్వుల్లా అల్లుకుని కనిపిస్తాయి. మంచి ఆర్ట్ పేపరు మీద అంగుళానికి 150 దాకా చుక్కల వరసలు పడతాయి. వార్తాపత్రికలో అయితే 100కు అటూఇటూ. అందుకే పేపర్లో చుక్కలు కంటికి చిక్కుతాయి, శుభలేఖలో చిక్కవు.

అన్నట్టు, తెల్ల ఇంకు మాట ఎక్కడా రాలేదు, గమనించారా? మామూలు కలర్ ప్రింటింగులో అది ఉండదు. తెలుపు కావాల్సినచోట ఏమీ అచ్చువేయరు. కాగితమే తెలుపు. మరి మీరు ముచ్చటపడి మీగడరంగు కార్డు ఎంచుకుంటే? వధూవరుల ఫొటోలో తెల్లచొక్కా, పళ్లు, కళ్లు... అన్నీ మీగడరంగుకు తిరుగుతాయి. ఆ తప్పు ఏ డిజైనరూ దిద్దలేడు.

పోయేవేవి... నిలిచేవేవి?

నాలుగు ఇంకులకూ ఓ హద్దు ఉంది. తెర చూపించే రంగుల్లో కొన్ని ఆ హద్దు లోపల ఉంటాయి, కొన్ని బయట ఉంటాయి. మన పెళ్లిళ్ల రంగులే తీసుకుందాం. పసుపుకు ఢోకా లేదు. అది ఏకంగా ఇంకు రంగే. కుంకుమ ఎరుపు కూడా మెజెంటా, పసుపు నిండుగా పడితే చక్కగా వస్తుంది. చిక్కంతా చిలకాకుపచ్చతోనే. తెర మీద ఆకుపచ్చ దీపం ఒక్కటే నిండుగా వెలిగినప్పుడు వచ్చే పచ్చదనాన్ని ఫొటోషాప్ తన మామూలు అమరికల్లో మారిస్తే సయాన్ 63, పసుపు 100 అవుతుంది. తెర మీద కళ్లు జిగేల్‌మనిపించిన పచ్చ కాగితం మీద వాడిన ఆకులా మిగులుతుంది. బంతిపూల నారింజ కూడా అంతే, కాస్త మట్టిపడుతుంది.

అన్నిటికంటే మోసం చేసేది నీలం. తెర మీది స్వచ్ఛమైన నీలం మారాక సయాన్ 88, మెజెంటా 77 దగ్గర తేలుతుంది. రెండూ దాదాపు సమఉజ్జీలు అయ్యేసరికి కాగితం మీద నీలం కాస్తా వంకాయరంగుకు దిగిపోతుంది. అనుభవం ఉన్న డిజైనర్లు నీలం కావాలంటే మెజెంటాను సయాన్ కంటే కనీసం 30 పాళ్లు తక్కువగా ఉంచుతారు. రాజకీయ పార్టీల కరపత్రాలు వేసే ప్రెస్సులవాళ్లకు ఈ కిటుకు కంఠతా వచ్చి ఉండాలి. అక్కడ నీలం వంకాయరంగుకు తిరిగితే బిల్లు కోతతో పోదు మరి!

అలాగని కాగితం ప్రతిసారీ ఓడిపోతుందని కాదు. నిండుగా పడిన సయాన్ ఇంకు రంగును మామూలు కంప్యూటర్ తెరలు యథాతథంగా చూపించలేవు. అంటే ఒకటీ అరా రంగుల్లో కార్డే తెరను మించిపోతుంది. ఆ సంగతి మాత్రం ఎవరూ వచ్చి ప్రెస్సాయనకు చెప్పరు.

పెద్ద కుటుంబం... చిన్న ఇల్లు

ఆర్జీబీ నుంచి సీఎంవైకేకు మార్చడమంటే పెద్ద ఇంట్లో ఉంటున్న ఉమ్మడి కుటుంబాన్ని చిన్న ఇంట్లోకి దించడం. అందరూ పట్టరు. అప్పుడు రెండు దారులు. అందర్నీ తలా కాస్త సర్దుకోమనడం ఒకటి. ఎవరి జాగా వాళ్లకు కాస్త తగ్గుతుంది కానీ ఎవరి పక్కన ఎవరున్నారన్న వరస చెడదు. 'పర్సెప్చువల్' అనేది ఇదే. పచ్చటి పొలాలు, పూలతోటల ఫొటోలకు ఇది నప్పుతుంది. రెండోది- పట్టినవాళ్లను కదిలించకుండా, పట్టనివాళ్లను మాత్రం గోడ దాకా తెచ్చి నిలబెట్టడం. 'రిలేటివ్ కలరిమెట్రిక్' అంటే ఇది. మొహాలు, మామూలు రంగులు ఉన్నవి ఉన్నట్టు ఉంటాయి. కానీ హద్దు బయటున్న నాలుగు రకాల పచ్చలూ ఒకే గోడకు చేరి ఒకే పచ్చగా అతుక్కుపోతాయి. చీర మీద మడతలు మాయమయ్యేది ఇలాగే. కంప్యూటర్లో మెనూ తెరిచి ఈ రెంటిలో ఒకటి ఎంచుకోవడం సెకను పని. చాలామంది ఎంచుకోరు, ఏదుంటే దానికే 'ఓకే' కొట్టేస్తారు.

చిన్న ఇల్లంటే ఎంత చిన్నది? అది కాగితాన్ని బట్టి ఉంటుంది. నున్నటి ఆర్ట్ పేపరు మీద ఇంకు పైనే నిలిచి మెరుస్తుంది. పుస్తకాలకు వాడే మ్యాప్‌లితో కాగితం పీల్చుకుంటుంది. న్యూస్‌ప్రింట్ అయితే బొగ్గుల కుంపటి మీద నీళ్లు చల్లినట్టు తాగేస్తుంది. పీల్చుకున్నకొద్దీ చుక్క ఉబ్బుతుంది, రంగు ముదురుతుంది. నాలుగు ఇంకులూ నిండుగా వేస్తే లెక్క 400. ఆర్ట్ పేపరు 300 నుంచి 330 దాకా తట్టుకుంటుంది. న్యూస్‌ప్రింట్ 240 దాటితే తడిసి ముద్దవుతుంది, వెనకపేజీలోకి దిగుతుంది. ఒకే ఫైలును ఆర్ట్ పేపరు బ్రోచరుకూ, దినపత్రికలో ప్రకటనకూ పంపితే రెండోది బొగ్గులా వచ్చేది ఇందుకే. ఏ కాగితం మీద, ఏ మెషీను మీద ఏ రంగు ఎలా వస్తుందో కొలిచి రాసిపెట్టిన పట్టికను 'ప్రొఫైల్' అంటారు. అడోబ్, ఆపిల్, కొడాక్, మైక్రోసాఫ్ట్ లాంటి 8 కంపెనీలు 1993లో ఒక సంఘంగా ఏర్పడి ఈ ప్రొఫైళ్లకు అందరికీ పనికొచ్చే ఒక పద్ధతి తెచ్చాయి. అంతకుముందు ఎవరి లెక్క వాళ్లది.

ఇంకా వెనక్కి వెళితే అది పూర్తిగా కంటి లెక్క. 1894లో రాజా రవివర్మ బొంబాయిలో ప్రెస్సు పెట్టి లక్ష్మి, సరస్వతి బొమ్మలు అచ్చు వేయించినప్పుడు ఒక్కో రంగుకు ఒక్కో రాయి. ఏ రంగు ఎక్కడ ఎంత పడాలో ఆ రాయి మీద గీసే పనివాడి కన్ను తేల్చేది. తైలవర్ణచిత్రంలోని రంగుల్ని రాళ్ల మీదికి విడదీసిన ఆ పనివాళ్లు చేసిందీ, ఇప్పుడు కంప్యూటర్ చేసేదీ ఒకటే పని. మన దేవుడి గదుల్లోకి ఆ పటాలు వచ్చింది వాళ్ల చేతుల మీదుగానే.

గుడి ఏది? గుడిదీర్ఘం ఏది?

రంగులంటే బొమ్మలే అనుకుంటాం కానీ అసలు ముప్పు అక్షరాలకు. ఆర్జీబీలో నలుపు అంటే మూడు దీపాలూ ఆర్పేయడం. దాన్ని కళ్లు మూసుకుని మార్చేస్తే ఫొటోషాప్ మామూలు అమరికల్లో సయాన్ 75, మెజెంటా 68, పసుపు 67, నలుపు 90గా మారుతుంది. అంటే ఒక్క నల్ల అక్షరం కోసం నాలుగు ప్లేట్లూ ఒకే చోట అచ్చుగుద్దినట్టు పడాలి. మెషీను మీద కాగితం వెంట్రుకవాసి జరిగినా అక్షరం చుట్టూ గులాబీ, నీలం నీడలు లేస్తాయి.

ఇంగ్లిషు అక్షరాలు ఈ దెబ్బను ఎంతోకొంత కాచుకుంటాయి. తెలుగు అక్షరాలకు ఆ వీలు లేదు. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా ఒక చిన్న మెలిక. ఒత్తు మాత్రమే చూపించే తేడాలు, సున్నాల్లాంటి బుల్లి గుండ్రాలు... అన్నీ సన్నసన్నవే. ముహూర్తం ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకో, కల్యాణమండపం ఏ వీధిలోనో చిన్నక్షరాల్లోనే కదా ఉండేది! ముదురు మెరూన్ మీద తెల్లక్షరాలు అడిగితే ఇంకా ప్రమాదం. నాలుగు ఇంకులూ అంచుల నుంచి లోపలికి పాకి ఒత్తుల్ని మింగేస్తాయి. కాబట్టి నల్లక్షరం అంటే నలుపు ఇంకు ఒక్కటే 100, మిగతావి సున్నా. డిజైనర్ని ఒక్కటే ప్రశ్న అడగాలనుకుంటే ఇదే అడగండి: ''అక్షరాలు ఒక్క నలుపులోనే ఉన్నాయా బాబూ?''

పెరుగైన పాలు

మార్చడం ఒక ఎత్తు, ఎప్పుడు మార్చాలన్నది ఇంకో ఎత్తు. ఒకసారి సీఎంవైకేలోకి వెళ్లిన ఫొటోను మళ్లీ ఆర్జీబీ చేస్తే పోయిన రంగులు తిరిగిరావు. పెరుగు మళ్లీ పాలవుతుందా? అందుకే తెలిసినవాళ్లు అసలు ఫొటోను అలాగే దాచి, దిద్దుబాట్లన్నీ ఆర్జీబీలోనే పూర్తిచేసి, కాగితం ఏదో తేలాకే చివర్లో ఒకే ఒక్కసారి, అదీ నకలును మారుస్తారు. ప్రెస్సు ఏ ప్రొఫైల్ వాడుతుందో ముందే అడిగి పెట్టుకుంటే, మార్చకుండానే మారితే ఎలా ఉంటుందో తెర మీద చూపించే సౌకర్యం ఫొటోషాప్‌లో ఉంది. 'ప్రూఫ్ కలర్స్' అని ఉంటుంది. అది నొక్కగానే తెర వెలవెలబోతుంది. కస్టమర్‌కి చూపించాల్సింది ఆ వెలవెలబోయిన తెరనే. కానీ చూపిస్తే ఆర్డరు పోతుందేమోనన్న భయం! గొడవలన్నీ మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే.

ఇందులో ఓ మెలిక ఉంది. అన్ని ఫొటోల్నీ మార్చేయకూడదు. పెళ్లి ఆల్బమ్ సంగతే చూడండి. ఫొటోల్యాబుల్లో చాలాచోట్ల ఇంకు ఉండదు. కాంతి తగిలితే రంగు మారే కాగితం మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతితోనే బొమ్మ పడుతుంది. అలాంటి ల్యాబుకు ఆర్జీబీ ఫైలే పంపాలి. శుభలేఖలో మట్టిపట్టిన చీర ఆల్బమ్‌లో నిగనిగలాడటానికి కారణం అదే. అది చూసి ప్రెస్సాయన్ని మరోసారి తిట్టుకోవడం అన్యాయం. అలాగే వాట్సప్‌లో ఫొటోగా పంపినదాన్ని చూసి రంగు ఖాయం చేయడమూ అన్యాయమే. ఒకే బొమ్మ నలుగురి ఫోన్లలో నాలుగు రంగుల్లో కనిపిస్తుంది. వాటిలో ఏది కార్డు రంగు?

చీర కొన్నట్టే...

బట్టల దుకాణంలో చీర నచ్చగానే ఆడవాళ్లు ఏం చేస్తారు? గుమ్మం దాకా తీసుకెళ్లి ఎండలో చూస్తారు. లోపలి దీపాల కింద మెరూన్‌లా కనిపించింది బయట ఇటుకరంగు కావచ్చని వాళ్లకు తెలుసు. పెద్ద ప్రెస్సుల్లోనూ ఇదే పద్ధతి. 5000 కెల్విన్ల వెలుగు ఇచ్చే దీపాలు అమర్చిన బల్ల ఒకటి ఉంటుంది. పగటి వెలుగుకు దగ్గరగా ఉండే ఆ కాంతిలోనే ప్రూఫు, అచ్చుకాగితం పక్కపక్కన పెట్టి చూస్తారు. హైదరాబాదు ఛత్తాబజార్‌లో శుభలేఖ వేయించినా, విజయవాడలో పుస్తకం వేయించినా మనం చేయగలిగింది కూడా అదే. తెరను కాదు, కాగితాన్ని చూపించమనాలి. అదీ అసలు వేసే కాగితం మీదే ఒక ప్రతి తీయించుకుని, వాకిట్లోకి తెచ్చి చూసుకోవాలి. ఆ ప్రతికయ్యే ఖర్చుకు వెనకాడి వెయ్యి కార్డులు చెడగొట్టుకోవడం తెలివైన పని కాదు. నచ్చితే దాని మీద సంతకం పెట్టి ప్రెస్సులో ఒకటి, మీ దగ్గర ఒకటి ఉంచుకుంటే రేపు ఎవరూ ఎవర్నీ అనక్కర్లేదు.

ఎన్ని చేసినా నాలుగు ఇంకులతో రానిది ఒకటుంది... బంగారం. తెర మీద పసుపు, గోధుమ ఛాయలు కలిపి మెరుపు ఉన్నట్టు భ్రమ కల్పిస్తారు. కాగితం మీదకొచ్చేసరికి అది ఆవపిండి రంగు. జరీ అంచు నిజంగా మెరవాలంటే లోహపు పొడి కలిపిన ఇంకును ఐదో రంగుగా వేయించాలి, లేదంటే రేకు అద్దించాలి. రెంటికీ ఖర్చు వేరు. కంపెనీల గుర్తులకూ ఇలా విడిగా కలిపిన ఇంకునే వాడుతుంటారు. ఆ కలిపే పాళ్లను అంకెల వారీగా పేర్చి, రంగుల విసనకర్రలాంటి పుస్తకాన్ని 1963లో అమెరికాలోని పాంటోన్ కంపెనీ తెచ్చింది. ముంబైలో ఒక అంకె చెబితే శివకాశిలో అదే రంగు కలుపుతారు. మన జాతీయజెండా రంగులు కూడా ఇలా అంకెల్లో ఉన్నవే. 1951లో మొదటిసారి వెలువడి, తరవాత సవరణలు జరిగిన జెండా ప్రమాణపత్రంలో కేసరిని పేరుతో వదిలేయకుండా అంతర్జాతీయ రంగు కొలతల్లో నిర్దేశించారు.

ఆ పాంటోన్ పుస్తకానికీ ఓ చిత్రమైన కథ జరిగింది. ఏళ్ల తరబడి అడోబ్ సాఫ్ట్‌వేర్లలో ఆ రంగుల పట్టికలు విడిగా డబ్బు కట్టకుండానే దొరికేవి. 2022 చివర్లో వాటిలో చాలావాటిని తీసేశారు. విడిగా చందా కట్టాలన్నారు. కట్టనివాళ్లు పాత ఫైళ్లు తెరిస్తే రంగు ఉండాల్సినచోట నల్లటి మచ్చలు! కాగితం పుస్తకం కొని దాచుకున్నవాళ్లకు మాత్రం ఆ బెడద లేకపోయింది. కాకపోతే ఎండ తగిలితే అందులో రంగులూ వెలుస్తాయి. అందుకే జాగ్రత్త తెలిసిన ప్రెస్సాయన దాన్ని బల్ల మీద వదిలేయడు, బీరువాలో పెట్టి తాళం వేస్తాడు.